పెంకు మీద కాలు పెట్టని అన్నదమ్ములు

గుమ్మిడిపేటలో తెలివైన వాళ్ళెవరని అడిగితే ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెబుతారు. ముగ్గురు మాత్రం ఒకే ఇంటిపేరు చెబుతారు. ఆ ముగ్గురూ అన్నదమ్ములు. ఆ ఇంటిపేరు వాళ్ళదే.

పెద్దవాడు పోలినాయుడు, నడిపివాడు గుంపస్వామి, చిన్నవాడు సన్నిబాబు. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు. అస్తమానం సొంత బుర్ర వాడితే అరిగిపోదూ? మా బుర్రలు చూడండి, కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి" అని పోలినాయుడు రచ్చబండ మీద కూర్చుని చెప్పేవాడు. తమ్ముళ్ళిద్దరూ అవునవునని తలలూపేవారు. ఊళ్ళోవాళ్ళు కూడా ఊపేవారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు మరి.

ఒకసారి ముగ్గురూ సంతకని బస్సెక్కారు. "బస్సు ఆగాక దిగండి" అని కండక్టరు అరిచాడు. మూడు మైళ్ళు పోయాక గేదెలు అడ్డొచ్చి బస్సు ఆగింది. అంతే, ముగ్గురూ దిగేశారు. బస్సు వెళ్ళిపోయింది. మిగిలిన ఆరు మైళ్ళూ మిట్టమధ్యాహ్నపుటెండలో నడుస్తూ, "బస్సులో నలభై మంది ఉన్నారు. కండక్టరు మాట విన్నవాళ్ళం మనమే" అని పొంగిపోయారు.

అంతటి తెలివైన ఇంటికి ఒక చిక్కొచ్చి పడింది. ఇల్లు కారుతోంది.

అది తాతలనాటి గూనపెంకుల ఇల్లు. అటో వాలు, ఇటో వాలు, నడుమ కొప్పు. కోతులు గెంతి కొన్ని పెంకులు పగిలాయి. కొబ్బరిమట్టలు పడి కొన్ని ఎగిరిపోయాయి. వానొస్తే నడింట్లో పదకొండు చోట్ల చుక్కలు. అన్నదమ్ములు పదకొండు గిన్నెలు పట్టి, "నీళ్ళ కోసం బావికి పోవక్కర్లేదు" అని సంబరపడేవారు.

పెద్దవాళ్ళే ఉన్నన్నాళ్ళూ ఎలాగో గడిచింది. కానీ పోలినాయుడి భార్య సూరీడమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళి ఆడపిల్లని కంది. పిల్లకి మూడో నెల వచ్చింది. పోలినాయుడు నడింటి దూలానికి ఉయ్యాల కట్టి, పొద్దునా సాయంత్రం ఖాళీ ఉయ్యాలే ఊపుతూ కూర్చునేవాడు.

"ఎందుకన్నయ్యా, లోపల పిల్ల లేదు కదా?" అన్నాడు సన్నిబాబు.

"పిల్ల వచ్చేసరికి ఉయ్యాలకి అలవాటు కావద్దూ?" అన్నాడు పోలినాయుడు. అని మళ్ళీ ఊపాడు. ఊపుతూ ఊపుతూ జోలపాట కూడా ఎత్తుకున్నాడు. తమ్ముళ్ళిద్దరూ గోడకి జారబడి నిద్రపోయారు.

ఒక ఆదివారం పోలినాయుడి మావగారు తవిటినాయుడు ఇల్లు చూసిపోదామని వచ్చాడు. ఆయన వచ్చిన గడియకే వాన మొదలైంది. ఆయన ఉయ్యాలలో చెయ్యి పెట్టి చూశాడు. గుడ్డ పిండితే చెంబుడు నీళ్ళు వచ్చాయి.

"అల్లుడూ, నా మనవరాలు ఇందులో పడుకోవాలా, ఈత కొట్టాలా?" అన్నాడాయన. "విను. వచ్చే ఆదివారం పిల్లనీ తల్లినీ బండిలో తీసుకొస్తాను. ఈ ఇంటి కప్పులోంచి ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క కారినా బండి వెనక్కి తిప్పేస్తాను. వానాకాలం వెళ్ళేదాకా వాళ్ళ మొహం నువ్వు చూడవు."

పోలినాయుడు ఉయ్యాల తాడు గట్టిగా పట్టుకున్నాడు. పిల్లని పుట్టిన పదకొండో రోజున ఒక్కసారి చూశాడు. అప్పుడది అతని వేలు పట్టుకుని వదల్లేదు. వదలమని దానికెవరూ చెప్పలేదు కాబట్టి వదల్లేదని, అచ్చం తన తెలివే వచ్చిందని, ఆ రోజు నుంచి ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు. ఇప్పుడు వానాకాలం వెళ్ళేదాకా చూడకుండా ఎలా ఉంటాడు?

మర్నాడే అన్నదమ్ములు కుమ్మరి ఆవం దగ్గరికి వెళ్ళి అరవై కొత్త పెంకులు బండి మీద వేయించుకొచ్చి పెరట్లో పేర్చారు. "పెంకులు వచ్చేశాయి. ఇంక ఇల్లు కారదు" అని గుంపస్వామి పదకొండు గిన్నెలూ కడిగి బోర్లించేశాడు. సాయంత్రానికి వానొచ్చింది. ఇంకేముంది, నడిల్లు చెరువైపోయింది.

"కొత్త పెంకులు వచ్చిన సంగతి కప్పుకి తెలీదేమోరా" అన్నాడు పోలినాయుడు. ముగ్గురూ పెరట్లోకి వెళ్ళి, కప్పు వైపు చూసి, "ఇవిగో, వచ్చాయి" అని చెయ్యెత్తి చూపించారు కూడా.

పక్కింటి పైడమ్మత్త తన పెరట్లో చేట పట్టుకుని ఇదంతా చూస్తోంది. "ఒరే, పెంకులు పైకెక్కించాలిరా. చూపిస్తే సరిపోదు. పోయి చిట్టెయ్య తాతని అడగండి" అంది.

చిట్టెయ్య నలభై ఏళ్ళు ఇళ్ళ కప్పులు నేసిన మనిషి. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన చెయ్యి పడని పెంకుటిల్లు లేదు. ఇప్పుడు మోకాళ్ళు వాచి మంచం దిగడమే కష్టమైపోయింది. అన్నదమ్ములు వెళ్ళి మంచం చుట్టూ చేరారు.

"పెంకు నేయడం పెద్ద విద్య కాదర్రా. పైన నిలబడటమే విద్య" అన్నాడు చిట్టెయ్య. "తడి పెంకు జారుతుంది. పొడి పెంకు పగులుతుంది. కాబట్టి పెంకు మీద కాలు పెట్టకూడదు. ఇది మొదటి మాట. ఏటి చెప్పాను?"

"ఇది మొదటి మాట" అన్నారు ముగ్గురూ.

చిట్టెయ్య ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచాడు. "పెంకు మీద కాలు పెట్టకూడదు, అది చెప్పాను. మరి ఎక్కడ పెట్టాలి? కాలికర్ర మీద పెట్టాలి. బారెడు సరుగుడు కర్ర తీసుకుని, రెండు కొసలకీ తాళ్ళు కట్టి, వాలు మీద అడ్డంగా పడుకోబెట్టాలి. తాళ్ళు కొప్పు దాటించి అవతల పక్క కట్టేయాలి. దేనికి పడితే దానికి కాదు, మనిషంత బరువున్నదానికి. అలా మూడు కర్రలు. కింద ఒకటి, మధ్యన ఒకటి, పైన ఒకటి. నిచ్చెన దిగి కింది కర్ర మీదికి, అక్కణ్ణించి మధ్య కర్ర మీదికి, అలా మెట్లెక్కినట్టు ఎక్కాలి. కట్టేటప్పుడు కింద నుంచి వరసగా కట్టండి. పనయ్యాక వరసగా విప్పుకోండి. ముందు నేల మీద ఒకసారి కట్టి, నిలబడి చూసుకోండి. కర్ర విరిగితే కిందే విరగాలి కదా."

బుర్ర ఉన్నవాడెవడికీ అంతకంటే చెప్పక్కర్లేదు. చిట్టెయ్య కూడా అంతకంటే చెప్పలేదు. అక్కడే పప్పులో కాలేశాడు పాపం.

గురువారం పొద్దున్న పైడమ్మత్త వాకిలి ఊడుస్తూ తలెత్తి చూసేసరికి అన్నదమ్ములు ముగ్గురూ తమ వాకిట్లో బోర్లా పడుకుని ఉన్నారు. నేల మీద మూడు కర్రలు అడ్డంగా ఉన్నాయి. తాళ్ళు తీసుకెళ్ళి గడపకి కట్టారు. పోలినాయుడు కింది కర్రకి పాదాలు ఆనించి, రెండు చేతులతో నేల పట్టుకుని, పాక్కుంటూ మధ్య కర్రకి పోతున్నాడు. ఒళ్ళంతా చెమట.

"ఏట్రా ఇది?" అంది పైడమ్మత్త.

"ఎక్కుతున్నామత్తా, మాట్లాడించకు. మధ్యలో ఉన్నాను" అన్నాడు పోలినాయుడు.

"నేల మీద ఎక్కడికెక్కుతారురా?"

"గడప దాకా."

"జారితే ఎక్కడ పడతారు?"

"అదే కదత్తా. పొద్దుట్నుంచి ఎక్కుతున్నాం, ఒక్కడు కూడా పడలేదు. చిట్టెయ్య తాత చెప్పిన కర్ర అంత గట్టిది" అన్నాడు గుంపస్వామి కింద నుంచి. అతనికి కింద అంటే చాలా భయం. అందుకే కిందికి చూడకుండా కళ్ళు మూసుకుని ఎక్కుతున్నాడు.

అలా ఆ రోజంతా నేలెక్కారు. సన్నిబాబు గడప దాకా వెళ్ళి తిరిగి చూసి, "అబ్బో, ఎంత పైకి వచ్చేశాం!" అని కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడు. ఇద్దరన్నలూ అతన్ని జాగ్రత్తగా, ఒక్కొక్క కర్ర మీద కాలు పెట్టించి దించారు.

శుక్రవారం నిజంగా ఇంటి మీదికి ఎక్కే రోజు. నిచ్చెన వేశారు. కింది కర్ర వాలు మీద పడుకోబెట్టి, తాళ్ళు కొప్పు దాటించి వెనక పెరట్లోకి విసిరారు. ఇంక అవతల కొస కట్టాలి.

"మనిషంత బరువున్నదానికి కట్టమన్నాడు. రోలుకి కడదామా?" అన్నాడు సన్నిబాబు.

"రోలు మనిషంత ఉంటుందో ఉండదో ఎవడు చూడొచ్చాడు? మనిషంత బరువు కచ్చితంగా ఉండేది మనిషికేరా" అన్నాడు పోలినాయుడు.

ఆ మాటకి తమ్ముళ్ళు అన్నగారి తెలివికి మురిసిపోయారు. గుంపస్వామి నడుముకి తాళ్ళు రెండూ బిగించారు. అతను వెనక పెరట్లో గోడకానుకుని నిలబడ్డాడు. పోలినాయుడు ముందు వైపు నిచ్చెనెక్కి, కర్ర మీద పాదాలు పెట్టి నిలబడ్డాడు. కర్ర కదల్లేదు. "బ్రహ్మాండం!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే పెరటి చివర వంటపాకలోంచి సన్నిబాబు కేకేశాడు. "అంబలి తాగుదురు గాని రండి!"

అంతే. గుంపస్వామి పాక వైపు నడిచాడు. ఇవతల పోలినాయుడు పెంకుల మీదుగా సర్రున పైకి పోయాడు.

"తమ్ముళ్ళూ! నేనేం చెయ్యడం లేదర్రా! కర్రే ఎక్కుతోంది!" అని అరిచాడు సంతోషంతో. కొప్పు దాకా పోయి ఆగాడు. గుంపస్వామి అంబలి తాగి, మూతి తుడుచుకుని తన చోటికి తిరిగొచ్చాడు. పోలినాయుడు సర్రున కిందికొచ్చాడు. గుంపస్వామికి ఉల్లిపాయ నంజుకోవడం మరిచిపోయానని గుర్తొచ్చింది. మళ్ళీ పాకలోకి వెళ్ళాడు. పోలినాయుడు మళ్ళీ పైకి. ఉల్లిపాయ నమిలితే దాహమేసింది. కిందికొచ్చినవాడు మళ్ళీ పైకి.

"ఏట్రా గుంపా, మీ అన్నని బావిలో చేదలా తోడుతున్నావు?" అంది పైడమ్మత్త గోడ మీంచి తొంగిచూసి.

"నేను అంబలి తాగుతున్నానత్తా. అన్నయ్య సంగతి నాకు తెలీదు. అతను ముందు వైపు ఉన్నాడు" అన్నాడు గుంపస్వామి.

మూడోసారి కిందికొచ్చేసరికి పోలినాయుడి పంచె పెంకుల మీదే ఉండిపోయింది. ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. ఎవరో పరిగెత్తి చిట్టెయ్యకి చెప్పారు. ముసలాయన చేతికర్ర పట్టుకుని, మూలుగుతూ వచ్చి తల పట్టుకున్నాడు.

"మనిషికి కడతార్రా, మనిషికి! కదలని దానికి కట్టండిరా. అదిగో, ఆ పాక గుంజకి కట్టండి!"

"ఆ ముక్క ముందే చెప్పాల్సింది తాతా" అన్నాడు పోలినాయుడు పంచె కట్టుకుంటూ, కాస్త కోపంగా.

శనివారం పొద్దున్నే మూడు కర్రలూ పాక గుంజకి బిగించి కట్టారు. కింద నుంచి వరసగా కట్టారు. తప్పు పోకుండా సన్నిబాబు బొగ్గుముక్కతో కర్రల మీద 'కింద', 'మధ్య', 'పైన' అని రాశాడు. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు ఎక్కారు. ఎంత చక్కగా ఎక్కారంటే, ఒక్క పెంకు కదల్లేదు. కొప్పు మీద గుర్రమెక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసుకుని కూర్చున్నారు. ఊరంతా కనిపిస్తోంది. గాలి హాయిగా వీస్తోంది.

"ఇప్పుడేటి చెయ్యాలన్నయ్యా?" అన్నాడు సన్నిబాబు.

పోలినాయుడు ఆలోచించాడు. "కొత్త పెంకులు తెచ్చామా?"

"లేదు. తెమ్మని చిట్టెయ్య తాత చెప్పలేదు."

"మరి తాత చెప్పిన పని ఏటి?"

"కర్రలు కట్టడం."

"కట్టామా?"

"కట్టాం."

"అయితే పనైపోయింది. పనయ్యాక ఏటి చెయ్యమన్నాడు?"

"వరసగా విప్పమన్నాడు!" అన్నారు తమ్ముళ్ళిద్దరూ ఒక్క గొంతుతో.

ఇంకేముంది. సన్నిబాబు దిగి, మధ్య కర్ర మీద నిలబడి, వంగి కింది కర్ర విప్పేశాడు. అది దొర్లుకుంటూ పోయి వాకిట్లో పడింది. పై కర్ర మీదికెక్కి మధ్య కర్ర విప్పాడు. కొప్పెక్కి కూర్చుని పై కర్ర విప్పాడు. తాళ్ళ కొసలు కూడా పైకి లాక్కుని, చక్కగా చుట్టలు చుట్టి కిందికి విసిరేశాడు. అవి పైడమ్మత్త ఎండబెట్టిన అప్పడాల మీద పడ్డాయి.

ముగ్గురూ చేతులు దులుపుకున్నారు. తర్వాత కిందికి చూశారు. నిచ్చెన చూరు దగ్గర ఉంది. వాళ్ళు కొప్పు మీద ఉన్నారు. మధ్యలో అంతా పెంకులే.

"దిగండర్రా మరి!" అని అరిచింది పైడమ్మత్త, అప్పడాల ముక్కలు చేత్తో పట్టుకుని.

"ఎలా దిగుతామత్తా? పెంకు మీద కాలు పెట్టకూడదు" అన్నాడు పోలినాయుడు.

"కూర్చుని జారండి!"

"కాలు పెట్టకూడదన్నవాడు ఇంకోటి పెట్టనిస్తాడా?"

ఎండెక్కింది. ఊరు ఊరంతా వాకిట్లో చేరింది. ఎవరో ఇంకో నిచ్చెన తెస్తామన్నారు. ఎవరో తాడు విసురుతామన్నారు. పోలినాయుడు వద్దని చెయ్యి ఊపాడు. అతనికి అంతకంటే మంచి ఆలోచన వచ్చేసింది.

"తమ్ముళ్ళూ, పెంకు మీద కదా కాలు పెట్టకూడనిది? పెంకే లేకపోతే?"

తమ్ముళ్ళిద్దరూ ఆనందంతో చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టడానికి రెండు చేతులూ వదిలేసి, ఒరిగిపోయి, మళ్ళీ కొప్పుని కావలించుకున్నారు.

అంతే, ముందు కొప్పు పెంకులు తీశారు. తర్వాత దాని కింది వరస. తీసిన చోట బయటపడ్డ చెక్క బద్దల మీద కాలు పెట్టి ఇంకో వరస. అప్పుడు చిట్టెయ్య మళ్ళీ చేతికర్రతో వచ్చాడు. మాట వినేలా లేరని చూసి, "గూనపెంకు చేత్తో చేసింది, ఏ రెండూ ఒకలా ఉండవు. పక్కదానితో కుదరాలి. తీస్తే తీశారు గాని, ఏది ఎక్కడిదో గుర్తులన్నా పెట్టుకోండర్రా, మీకు పుణ్యముంటుంది!" అని అరిచి, నెత్తి కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

గుర్తులు పెట్టమన్నాక వాళ్ళు పెట్టకుండా ఉంటారా? సన్నిబాబు ప్రతి పెంకు లోపలి వైపూ బొగ్గుతో వరస, అంకె రాశాడు. పగిలిన పెంకైతే ప్రతి ముక్క మీదా రాశాడు. పెంకు ఎగిరిపోయిన చోట బద్ద మీద 'ఇక్కడ లేదు' అని రాశాడు. బద్దల సందులోంచి గుంపస్వామి పక్కగది అటక మీదికి దూరాడు. పోలినాయుడు తీసి అందిస్తుంటే గుంపస్వామి అటక మీద పేరుస్తూ పోయాడు.

"ఒరే గుంపా, అటక మీదికి దిగినవాడివి అటక మెట్లు దిగి బయటికి రావచ్చు కదరా! మిగతా ఇద్దరూ అలాగే రావచ్చు కదా!" అంది పైడమ్మత్త.

"మేం ఎక్కింది ఇటు నుంచి కాదత్తా" అన్నాడు గుంపస్వామి అటక మీంచి తల బయటపెట్టి. అని మళ్ళీ వాసాలు పట్టుకుని పైకొచ్చాడు.

పొద్దువాలేసరికి ముందు వాలంతా ఊడబీకి, చూరు దాకా వచ్చి, నిచ్చెన మీద కాలు పెట్టి దిగారు. ఒక్క పెంకు మీదైనా కాలు పడలేదు. ఊరివాళ్ళ మొహాల్లోకి గర్వంగా చూస్తూ ఇంట్లోకి వెళ్ళారు. తలెత్తి చూస్తే ఆకాశం.

పోలినాయుడు నడింటి మధ్యకి వెళ్ళి ఆ ఆకాశం కేసి తలెత్తాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తమ్ముళ్ళు కంగారుపడ్డారు.

"ఏడవకన్నయ్యా..."

"ఏడుపు కాదురా, ఆనందం! మావయ్య ఏమన్నాడు? కప్పులోంచి ఒక్క చుక్క కారకూడదన్నాడు. ఇప్పుడు ఇటువైపు కప్పులోంచి చుక్క కారమనండి చూద్దాం. కప్పుంటే కదా!"

ఆదివారం తెల్లారగానే రెండో వాలు పెంకులు కూడా తీసేశారు.

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. తవిటినాయుడి బండి గంటలు మోగించుకుంటూ వచ్చి వాకిట్లో ఆగింది. బండిలో సూరీడమ్మ. ఆమె ఒళ్ళో దుప్పటి చుట్టిన పిల్ల. పోలినాయుడు పరిగెత్తాడు. దుప్పట్లోంచి చిన్న చెయ్యొకటి బయటికొచ్చి అతని వేలు పట్టుకుంది. పోలినాయుడికి లోకం కనిపించలేదు.

తవిటినాయుడు మాత్రం ముందు ఇంట్లోకి నడిచాడు. నడింట్లో నిలబడ్డాడు. ఉయ్యాల మీద ఆకాశం వేలాడుతోంది.

"అల్లుడూ, కప్పేదీ?"

"అటక మీద భద్రంగా ఉంది మావయ్యా. ఒక్క పెంకు పగల్లేదు. పగిలినవి తప్ప."

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. మొదటి చినుకు తవిటినాయుడి ముక్కు మీద పడింది. ఆయన తుడుచుకున్నాడు. "ఇదేటి?"

"వాన మావయ్యా."

"ఒక్క చుక్క కారకూడదని చెప్పానా?"

"కారడం కాదు మావయ్యా, ఇది కురవడం" అన్నాడు గుంపస్వామి ఓపిగ్గా. "కారడం కప్పు పని. కురవడం మబ్బు పని. మబ్బు సంగతి మీరు చెప్పలేదు."

తవిటినాయుడు బయటికొచ్చి ఎడ్ల పగ్గాలు పట్టుకున్నాడు. పోలినాయుడు బండిచక్రం పట్టుకుని వదల్లేదు. సూరీడమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ ఇంటికి కాపరానికొచ్చి నాలుగేళ్ళయింది. కోప్పడి లాభం లేదని ఆమెకి తెలుసు.

"నాన్నా, ఆగు. ఒక్క రెండు రోజులు చూద్దాం. అంతదాకా పైడమ్మత్త ఇంట్లో ఉంటాం" అంది. మొగుడి వైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఒక్కొక్క మాటే చెప్పింది. "ఇదిగో, విను. ఎక్కడి పెంకు అక్కడ పెట్టాలి. మంగళవారం సాయంత్రానికల్లా పెట్టాలి. తెలిసిందా?"

"ఎక్కడిది అక్కడ" అన్నాడు పోలినాయుడు.

"ఎక్కడిది అక్కడ" అన్నారు తమ్ముళ్ళు.

"ఇది కూడా తప్పితే ఇంక నేను ఆపలేను" అంది సూరీడమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నవ్వడం లేదు.

ఆ రెండు రోజులూ అన్నదమ్ములు చేసిన పని గుమ్మిడిపేట ఇప్పటికీ చెప్పుకుంటుంది. చిట్టెయ్యని మంచంతో సహా మోసుకొచ్చి వాకిట్లో దింపారు. ఆయన కింద నుంచి చెబుతుంటే కాలికర్రలు కట్టారు. తాళ్ళు పాక గుంజకి బిగించారు, లాగి చూశారు. కింద నుంచి వరస వరసగా పెంకులు పేర్చుకుంటూ పైకి పోయారు. అటక మీంచి సన్నిబాబు అంకె చదివి అందిస్తే, గుంపస్వామి పట్టుకుంటే, పోలినాయుడు బద్ద మీద కుదిర్చి పెట్టాడు. రెండు వాలులూ కప్పారు. మంగళవారం సాయంత్రం విప్పేటప్పుడు ముందు పై కర్ర, తర్వాత మధ్య కర్ర, చివర కింది కర్ర, ఒక్కొక్కటీ విప్పుకుంటూ నిచ్చెన మీదికొచ్చి దిగారు. కాలు జారలేదు. పెంకు పగల్లేదు. పంచె ఊడలేదు.

"నేను పైకెక్కి చూడలేను గాని, కాళ్ళు మాత్రం ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టార్రా" అన్నాడు చిట్టెయ్య. అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది. నలభై ఏళ్ళలో అంత కష్టపడి ఎవరికీ నేర్పలేదు మరి.

తవిటినాయుడు కూడా ఇల్లు చుట్టూ తిరిగి, తలెత్తి చూసి, మీసం దువ్వుకున్నాడు. "పరవాలేదు అల్లుడూ" అన్నాడు.

బుధవారం పొద్దున్న సూరీడమ్మ కుడికాలు పెట్టి ఇంట్లోకి వచ్చింది. పిల్లని ఉయ్యాలలో పడుకోబెట్టింది. పోలినాయుడు ఉయ్యాల తాడు పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఖాళీగా ఊగిన ఉయ్యాల మొదటిసారి బరువుగా ఊగింది. అతను జోలపాట ఎత్తుకున్నాడు. ఆ పాటకి సమంగా పైన వాన మొదలైంది.

టప్.

పిల్ల నుదుటి మీద చుక్క పడింది. పిల్ల కెవ్వుమంది. టప్, టప్. సూరీడమ్మ భుజం మీద ఒకటి, తవిటినాయుడి తలపాగా మీద ఒకటి. ఆయన లెక్కపెట్టాడు. పదకొండు చోట్ల.

ఆయన మెల్లగా పెరట్లోకి నడిచాడు. పెరట్లో అరవై కొత్త పెంకులు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. వాటి మీద కోడిపెట్ట ఒకటి సుఖంగా కూర్చుని ఉంది.

"ఇవెందుకు పెట్టలేదు?" అన్నాడాయన. అరవలేదు. అరిచే ఓపిక లేదు.

"ఎక్కడివి అక్కడ పెట్టమన్నారు కదా మావయ్యా. ఇవి ఇక్కడివే" అన్నాడు సన్నిబాబు. "పగిలినవాటిని కూడా ముక్క ముక్కా కలిపి పెట్టాం. లేని చోట లేకుండా ఉంచాం. కావాలంటే బద్ద మీద రాసుంది, చూడండి."

తవిటినాయుడు ఎడ్లు కట్టాడు. సూరీడమ్మ పిల్లని కొంగులో చుట్టుకుని వచ్చి బండెక్కింది. బండి తిరిగింది.

పోలినాయుడికి అర్థం కాలేదు. ఎందుకు వెళ్ళిపోతున్నారు? పని చూడనే లేదు కదా! అతను వానలో తడుస్తూ బండి వెనక పరిగెత్తాడు.

"సూరీడూ! ఒక్కసారి లోపలికొచ్చి చూసి వెళ్ళవే!" అని అరిచాడు. "పదకొండు గిన్నెలూ ఇప్పుడే పాత చోట్లలోనే పెట్టాను. ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్కైనా గిన్నె తప్పి పడితే చెప్పు!"